90 రోజులుగా లాగిన్ కాని యూజర్లని ఏడీలోంచి తీసెయ్యమంటున్నారు, లాస్ట్ లాగాన్ తేదీని ఎంతవరకు నమ్మొచ్చు?

మధురవాడ_అడ్మిన్
అందరికీ నమస్కారం అండి. వైజాగ్‌లో ఒక హాస్పిటల్‌లో సిస్టమ్స్ చూస్తాను. అందరి లాగిన్ అకౌంట్లూ ఉండే యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ) నా చేతికొచ్చి ఎనిమిది నెలలైంది, ముందు చూసినాయన వెళ్ళిపోతూ పాస్‌వర్డ్‌లు ఇచ్చారు తప్ప ఇంకేం చెప్పలేదు. మొన్న ఆడిట్ వాళ్ళొచ్చి 90 రోజులుగా లాగిన్ అవ్వని అకౌంట్లన్నీ తీసేసి రిపోర్ట్ ఇమ్మన్నారు, పదిహేను రోజులు టైమిచ్చారు. పవర్‌షెల్‌లో లాస్ట్ లాగాన్ డేట్ మీద లిస్ట్ తీస్తే 1,380 మందిలో 312 అకౌంట్లు వచ్చాయి. ఆ లిస్ట్ చూస్తుంటే భయమేస్తుంది. అందులో మా రేడియాలజీ హెచ్ఓడీ గారున్నారు, ఆయన రోజూ డ్యూటీకి వస్తారు, నిన్న క్యాంటీన్‌లో నా పక్కనే నిలబడి టీ తాగారు. ఇంకో 40 అకౌంట్లకి నేను రాసుకున్న స్క్రిప్ట్‌లో 1601 జనవరి 1 ఉదయం 5:30 అని తేదీ వస్తుంది. మాకు లాగిన్లు సరిచూసే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లు (డీసీలు) రెండు, ఒకటి మెయిన్ బిల్డింగ్‌లో, ఇంకోటి గాజువాక బ్రాంచిలో. లాస్ట్ లాగాన్ అని ఒకటుంది, లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్ అని ఒకటుంది, రెండూ కలవట్లేదు. దేన్ని నమ్మాలి? డిలీట్ కొట్టేముందు మిమ్మల్నడుగుదామని రాస్తున్నాను.

పాతసర్వర్_సికింద్రాబాద్
తమ్మీ, ముందుగాల డిలీట్ మీదికెళ్ళి చెయ్యి తియ్యి, మిగిలింది నిమ్మళంగ మాట్లాడుకుందాం.

లాస్ట్ లాగాన్ అనేది ఏ డీసీ దగ్గర లాగిన్ అయితే ఆ డీసీ ఒక్కటే రాసుకుంటది, పక్క డీసీకి రెప్లికేట్ కాదు, అంటే కాపీ కాదు. గాజువాకల పనిచేసే సిస్టర్ రోజూ గాజువాక డీసీ మీదనే లాగిన్ అయితది, నువ్వు మెయిన్ బిల్డింగ్ డీసీని అడిగితే ఆమె ఏడాది సంది రాలేదని చెప్తది. అబద్ధం కాదు, దానికి తెల్సింది అంతే. అందుకని లాస్ట్ లాగాన్ కావాలంటే రెండు డీసీలనూ అడిగి ఏది కొత్త తేదీ అయితే అది తీస్కోవాలె.

లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్ 2003 సర్వర్‌తోటి వచ్చింది, ఇది అన్ని డీసీలకు రెప్లికేట్ అయితది. కానీ ప్రతి లాగిన్‌కు రాస్తే రెప్లికేషన్ బరువైతదని, లోపల ఉన్న తేదీ పాతగైతెనే మళ్ళ రాస్తది. ఎంత పాతగ అంటే డీఫాల్ట్‌ల 14 రోజులు, అండ్ల కెల్లి ర్యాండమ్‌గ 5 రోజుల దాక తగ్గిస్తది, అంటే 9 నుంచి 14 మధ్యల ఎప్పుడన్న. పవర్‌షెల్‌ల కనవడే లాస్ట్ లాగాన్ డేట్ కూడ ఇదే, సదువుకునే లెక్క మార్చి చూపెడ్తది, అంతే. ఇగ 90 రోజులైందని చూపెట్టేటోడు నిజానికి 77, 78 రోజుల కింద వచ్చిపోయి ఉండొచ్చు. అంచు మీద ఉన్నోళ్ళను ఒక్కొక్కరిని రెండు డీసీలల్ల లాస్ట్ లాగాన్‌తోటి సరిచూస్కో.

1601 సంగతి కూడ చెప్త. విండోస్ టైం లెక్క 1601 జనవరి 1 నుంచి వంద నానోసెకండ్ల ముక్కలల్ల నడుస్తది. విలువ సున్న ఉంటె ఆ మొదటి రోజే చూపెడ్తది, మన టైం జోన్ కలుపుకొని 5:30. అంటే ఆ అకౌంట్ ఒక్కసారి కూడ లాగిన్ కాలేదన్నట్టు. వాటికి వెన్ క్రియేటెడ్, అంటే అకౌంట్ ఎప్పుడు చేసిన్రో ఆ తేదీ చూడు, పోయిన వారం చేరినోళ్ళు కూడ అండ్లనే ఉంటరు, వాళ్ళను తీస్తివంటే పాపం ఉద్యోగం మొదలు కాకముందే ఐడీ పోయినట్టైతది.

గోదారి_నెట్‌వర్క్స్
మేం రాజమండ్రి చుట్టుపక్కల చిన్న చిన్న ఆఫీసులకి సపోర్ట్ ఇస్తామండి. మా పద్ధతి చెప్తాను. ఇన్ని తేదీలు చూసుకుంటూ కూర్చోకుండా లిస్ట్ మొత్తం ఒకేసారి డిజేబుల్ చేసేస్తామండి, ఎవరికి కావాలో వాళ్ళే ఫోన్ చేస్తారు, రెండు నిమిషాల్లో ఎనేబుల్ చేసి ఇచ్చేస్తాం. నెల రోజులు ఎవరూ అడక్కపోతే డిలీట్. ఏడేళ్ళుగా ఇలాగే చేస్తున్నాం, పెద్ద గొడవేం రాలేదండి.

శైలు_ఐడెంటిటీ
గోదారి గారూ, ఆ ఫోన్ చేసే మనిషి వైపు నుంచి ఒకసారి చెప్తాను వినండి, అది నాకే జరిగింది.

నేను ముందు పనిచేసిన కంపెనీలో ఇదే 90 రోజుల స్క్రిప్ట్ వారానికోసారి దానంతటదే నడిచేది. నేను మెటర్నిటీ లీవ్‌లో ఉన్నాను. 2017 సవరణ తర్వాత లీవ్ 26 వారాలు, అంటే 182 రోజులు. స్క్రిప్ట్‌కి అది తెలీదు కదా, 91వ రోజున డిజేబుల్ చేసింది, ఇంకో నెలకి డిలీట్ చేసేసింది. ఇంట్లో పాపతో ఉన్న నేను ఎవరికని ఫోన్ చేస్తాను? తిరిగి చేరిన రోజు పొద్దున్నే పాపని అమ్మ దగ్గర వదిలి, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళి కూర్చుంటే యూజర్ నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు అని వచ్చింది. హెల్ప్‌డెస్క్ అబ్బాయి మంచివాడే, గంటలో అదే పేరుతో కొత్త అకౌంట్ చేసిచ్చాడు. పేరు అదే గానీ ఎస్ఐడీ, అంటే సిస్టమ్ అకౌంట్‌ని గుర్తుపట్టే నంబరు, కొత్తది, డైరెక్టరీకి నేను కొత్త మనిషిని. షేర్డ్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే నా పేరుండాల్సిన చోట ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు, పక్కన ప్రశ్న గుర్తున్న చిన్న బొమ్మ. ఆరేళ్ళ పనికి అక్కడ మిగిలింది ఆ నంబరే. లాప్‌టాప్‌లో విండోస్ వాళ్ళ ఈఎఫ్ఎస్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసుకున్న ఫైళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు, అలాంటప్పుడు తెరవడానికి ఉండాల్సిన రికవరీ ఏజెంట్ అకౌంట్ ఎవరూ పెట్టలేదు.

డిజేబుల్ మాత్రమే చేసి ఉంటే ఇదంతా రెండు నిమిషాల పని, ఆ మాట మీరన్నది నిజమే. నేననేది, లిస్ట్ తీశాక మొదట హెచ్ఆర్ దగ్గరికి వెళ్ళండి. ఎవరు లాంగ్ లీవ్‌లో ఉన్నారు, ఎవరు డెప్యుటేషన్‌లో ఉన్నారు, ఎవరు నిజంగా మానేశారు అన్నది వాళ్ళ రిజిస్టర్‌లో ఉంటుంది, ఏడీలో ఉండదు. మధురవాడ గారూ, మీది హాస్పిటల్, సిస్టర్లు ఎక్కువ, మీ లిస్టులో మెటర్నిటీ లీవ్ వాళ్ళు కచ్చితంగా ఉంటారు. ఇంకోటి, ఏడీ రీసైకిల్ బిన్ ఆన్ చేసి ఉందో లేదో ఇవాళే చూడండి, 2008 ఆర్2 నుంచి ఉంది, దానంతటది ఆన్ అవ్వదు, మనమే చెయ్యాలి. అది ఉంటే డిలీట్ చేసిన అకౌంట్ డీఫాల్ట్‌గా 180 రోజుల్లోపు అదే ఎస్ఐడీతో గ్రూపులతో సహా వెనక్కి వస్తుంది.

మధురవాడ_అడ్మిన్
శైలు గారూ, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయానండి. చూశాను, రీసైకిల్ బిన్ ఆఫ్‌లోనే ఉంది. ఇవాళే ఆన్ చేశాను. హెచ్ఆర్ మేడమ్‌ని లీవ్ లిస్ట్ అడిగాను, రేపిస్తామన్నారు.

డాలస్_సాగర్
హెచ్ఓడీ గారి సంగతి నేను చెప్తా. మీకు మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉందా? ఏడీ పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లని క్లౌడ్‌కి పంపే పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ పెట్టారా? పెట్టి ఉంటే ఆయన మెయిల్, టీమ్స్ వాడినప్పుడు పాస్‌వర్డ్ సరిచూసేది క్లౌడే, మీ డీసీ వరకు ఆ మాట రాదు. రేడియాలజీ రూమ్‌లో ఏదో ఒక కామన్ ఐడీతో విండోస్ లాగిన్ అయ్యుంటుంది, స్కాన్‌లు చూసే ప్యాక్స్ సాఫ్ట్‌వేర్‌కి వేరే లాగిన్ ఉంటుంది. ఆయన పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేసినా మీ డైరెక్టరీకి మాత్రం ఆయన మాయమైపోయినట్టే. కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు పెరిగాక ఈ తేడా ప్రతిచోటా కనిపిస్తోంది. కాబట్టి ఎంట్రా (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ) వైపు లాస్ట్ సైన్ ఇన్ కూడా తీసి పక్కన పెట్టుకోండి, ఆ డేటా తీసే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లో సైన్ ఇన్ యాక్టివిటీ అని ఉంటుంది, దానికి ఎంట్రా పీ1 లైసెన్స్ కావాలి. అందులో కూడా మనిషి తాను టైప్ చేసిన లాగిన్ వేరు, ఫోన్‌లో మెయిల్ యాప్ టోకెన్‌తో తనంతట తాను అయ్యే నాన్ ఇంటరాక్టివ్ లాగిన్ వేరు, రెండూ చూడాలి.

ఇక్కడొక గొయ్యి ఉంది జాగ్రత్త. డిజేబుల్ చేసిన అకౌంట్లని వేరే ఓయూలోకి, అంటే ఏడీలో ఫోల్డర్ లాంటి దాన్లోకి, జరపడం అందరికీ అలవాటు. ఆ ఓయూ సింక్‌లో లేకపోతే, జరిపిన మరుక్షణం కాకపోయినా తర్వాతి సింక్‌కి క్లౌడ్‌లో ఆ యూజర్ డిలీట్ అయిపోతాడు, మెయిల్‌బాక్స్‌తో సహా. 30 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు, దాటితే లేదు. నేనొక చోట శుక్రవారం సాయంత్రం ఓయూ మార్చి వెళ్ళిపోయి సోమవారం పొద్దున 60 మెయిల్‌బాక్సులు వెనక్కి తెచ్చుకుంటూ కూర్చున్నాను.

లాగ్స్_లావణ్య
నేను ఎస్ఓసీలో, అంటే సైబర్ దాడుల మీద నిఘా పెట్టే టీంలో చేస్తాను, ఆ వైపు నుంచి రెండు మాటలు.

ముందుగా అసలు ఎవరూ వాడని అకౌంట్ ఎందుకంత ప్రమాదం అన్నది మీ మేనేజ్‌మెంట్‌కి చెప్పాల్సొస్తే 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్‌కి జరిగింది చెప్పండి. ఎవరూ వాడని పాత వీపీఎన్ లాగిన్ ఒకటి మిగిలిపోయింది, ఓటీపీ లాంటి రెండో తాళం లేదు, దాని పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చారు, తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు తీసుకెళ్ళే లైను రోజుల తరబడి ఆగిపోయింది. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్‌లోకి వచ్చినవాళ్ళు కూడా పాత టెస్ట్ అకౌంట్ మీదుగానే వచ్చారు. సొంత మనిషి వాడే అకౌంట్‌లో ఏదైనా తేడా వస్తే ఆ మనిషి గోల పెడతాడు, వదిలేసిన అకౌంట్ తరఫున అడిగేవాళ్ళెవరూ ఉండరు.

రెండోది లాగ్స్. తేదీ అనేది ఒక్క ముక్క, ఎక్కడి నుంచి ఎలా లాగిన్ అయ్యారన్నది ఈవెంట్లలో ఉంటుంది. చాలామంది డీసీలో లాగిన్ అయ్యారని చెప్పే 4624 ఈవెంట్ ఒక్కటే వెతుకుతారు. యూజర్ తన పీసీలో లాగిన్ అయితే ఆ 4624 ఆ పీసీలో పడుతుంది, డీసీలో 4768 పడుతుంది, అది కెర్బరోస్ అనే ఏడీ లాగిన్ పద్ధతిలో మొదటి టికెట్ అడిగినట్టు. పాత ఎన్‌టీఎల్ఎం దారిలో వస్తే 4776. మీ డీసీలో సెక్యూరిటీ లాగ్ ఎన్ని రోజులు వెనక్కి ఉందో ఒకసారి పాత ఈవెంట్ తేదీ చూడండి. మా దగ్గర చూస్తే ఒకటిన్నర రోజు కూడా లేదు, కొత్తవి పాతవాటి మీద రాసేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు దాచాలి, ఇన్సిడెంట్ అయితే 6 గంటల్లో చెప్పాలి. కాబట్టి లాగ్స్‌ని డీసీ మీదే వదలకుండా వేరే సర్వర్‌కి పంపించండి, విండోస్ ఈవెంట్ ఫార్వర్డింగ్ ఉచితమే.

ఇంకోటి, దీన్ని మాత్రం మర్చిపోకండి. మీరు తీసిన 312 నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళ లిస్ట్. ఉద్యోగం మానేసి కూడా లాగిన్ అవుతున్నవాళ్ళు ఆ లిస్టులో రారు, వాళ్ళ తేదీ తాజాగా ఉంటుంది కదా. హెచ్ఆర్ దగ్గర మానేసినవాళ్ళ లిస్ట్ తీసుకుని మిగతా 1,068 తో పోల్చండి. నాకైతే ఆ పని 312 కంటే ముందు చెయ్యాలనిపిస్తుంది.

గోదారి_నెట్‌వర్క్స్
లావణ్య గారూ ఆ చివరి మాట నిజమండి, మేమెప్పుడూ అలా చూడలేదు. శైలు గారూ, మీకు జరిగింది విని మా పద్ధతిలో హెచ్ఆర్‌ని అడగడం చేర్చుకుంటాం. కానీ నాకొక అనుమానం ఉందండి, ప్రోగ్రాములు నడవడానికి పెట్టే సర్వీస్ అకౌంట్లకి హెచ్ఆర్ ఏం చెప్తారు? అవి మనుషులు కాదు కదా.

పాతసర్వర్_సికింద్రాబాద్
మంచిగ అడిగినవ్. వాటికి యజమానిని ఎతకాలె. నెట్‌వర్క్‌తోటి పనిలేని సర్వీస్ ఒకటుంటది, సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడే లాగిన్ అయితది, ఆ సర్వర్ ఆరు నెలలు రీస్టార్ట్ కాలేదనుకో, తేదీ ఆరు నెలల కిందిదే ఉంటది, సర్వీస్ మాత్రం లోపట నడుస్తనే ఉంటది. నువ్వు డిజేబుల్ చేస్తే ఇయ్యాల ఏం కాదు, ఎన్నడో ప్యాచింగ్ అయినంక రీస్టార్ట్ చేసిన రాత్రి లేవది, అప్పుడు నువ్వు డిజేబుల్ చేసిన సంగతి ఎవ్వరికి యాదుండదు. ఏడాదికొక్కసారి నడిచే జాబులు కూడ ఉంటయ్. అందుకే ప్రతి సర్వర్ల సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు ఏ అకౌంట్ మీద నడుస్తున్నయో స్క్రిప్ట్‌తోటి తీసి లిస్టుతోటి కలిపి చూడు. కొత్తగ పెట్టేటివి జీఎంఎస్ఏ అనే రకం సర్వీస్ అకౌంట్ చెయ్యి, పాస్‌వర్డ్ అదే మార్చుకుంటది.

మరొకటి, ఇప్పటికే డిజేబుల్ అయి ఉన్నవి చూసి అన్నీ పనికిరానివి అనుకోవద్దు. షేర్డ్ మెయిల్‌బాక్సులు, మీటింగ్ రూమ్ మెయిల్‌బాక్సుల అకౌంట్లు డిజేబుల్‌గనే ఉంటయ్, అట్లనే ఉండాలె. కేఆర్‌బీటీజీటీ అనే సిస్టమ్ అకౌంట్ కూడ డిజేబుల్‌గనే ఉంటది, డొమైన్ టికెట్లన్నీ దాని మీదనే నడుస్తయ్.

మధురవాడ_అడ్మిన్
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. ఒక సంగతి నాకు అస్సలు అర్థం కాలేదు. మా దగ్గర ఒక సీనియర్ సర్జన్ గారు రెండేళ్ళ క్రితం కాలం చేశారు, ఆయన అకౌంట్ అలాగే ఉండిపోయింది, లిస్టులో కూడా వచ్చింది. ఇవాళ మళ్ళీ లిస్ట్ తీస్తే ఆయన పేరు లేదు. చూస్తే లాస్ట్ లాగాన్ డేట్ నిన్న సాయంత్రం అని ఉంది. ఒళ్ళు జలదరించింది. ఎవరో ఆయన ఐడీ వాడుతున్నారని వెంటనే డిజేబుల్ చేశాను. మేనేజ్‌మెంట్‌కి చెప్పాలా?

పాతసర్వర్_సికింద్రాబాద్
చెప్పేముందు ఒక్కటి యాది చేస్కో. నిన్న సాయంత్రం ఆయన పేరు మీద ఏదన్న ఫోల్డర్‌ల ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ ఒత్తినవా?

మధురవాడ_అడ్మిన్
అవునండి!! ఆయనకి ఏ ఏ పేషెంట్ ఫోల్డర్ల మీద హక్కులున్నాయో చూద్దామని నేనే చూశాను.

పాతసర్వర్_సికింద్రాబాద్
గదే. ఆ ట్యాబ్ ఒత్తితే ఆయన తరఫున సిస్టమే కెర్బరోస్ టికెట్ అడుగుతది, దాన్ని ఎస్4యూ అంటరు, పాస్‌వర్డ్‌తోటి పనిలేదు. దానికి కూడ టైమ్‌స్టాంప్ మారుతది. కొన్ని అప్లికేషన్లు కూడ గిట్లనే చేస్తయ్.

లాగ్స్_లావణ్య
అయినా లాగ్స్‌లో సరిచూసుకోండి, ఊహ మీద వదలొద్దు. నిన్నటి రోజుకి రెండు డీసీల్లోనూ ఆయన పేరు మీద 4768 గానీ 4776 గానీ ఉందా? లేకపోతే ఎవరూ ఆయన పాస్‌వర్డ్ కొట్టలేదన్నమాట. డిజేబుల్ చేసింది మాత్రం అలాగే ఉంచండి, రెండేళ్ళ క్రితమే అవ్వాల్సిన పని.

మధురవాడ_అడ్మిన్
రెండు డీసీల్లోనూ చూశాను, లేవు. సర్వీస్ టికెట్ అడిగినట్టు చెప్పే 4769 ఒకటి మాత్రం ఉంది, నేను ట్యాబ్ తెరిచిన టైముకే. ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మెయిల్‌బాక్స్ వాళ్ళబ్బాయి అడుగుతున్నారట, కేసు షీట్లు ఉంటాయి కాబట్టి మెడికల్ సూపరింటెండెంట్ గారే నిర్ణయిస్తారని చెప్పి నేను ముట్టుకోలేదు.

శైలు_ఐడెంటిటీ
మంచి పని చేశారు. ఆడిట్ వాళ్ళ గురించి ఒక మాట. 90 రోజులన్నది కార్డు చెల్లింపుల భద్రతా నియమాలైన పీసీఐ డీఎస్ఎస్‌లో కూడా ఉంది, నాలుగో వెర్షన్‌లో 8.2.6. అందులో తీసెయ్యండి లేదా డిజేబుల్ చెయ్యండి అనే ఉంటుంది, డిలీటే చెయ్యాలని ఎక్కడా లేదు. మీ ఆడిటర్‌కి ఏ నియమం కింద అడుగుతున్నారో రాసిమ్మనండి. ప్రతి అకౌంట్ డిస్క్రిప్షన్‌లో డిజేబుల్ చేసిన తేదీ, ఎవరు చెప్పారు, ముందు ఏ ఓయూలో ఉంది అని రాయండి, గ్రూపుల్లోంచి తీసేముందు మెంబర్‌షిప్ సీఎస్‌వీలో దాచండి. ఏడాది తర్వాత మీ సీట్లో కూర్చునేవాళ్ళకి మీరు పడ్డ బాధ ఉండదు.

మధురవాడ_అడ్మిన్
పదకొండో రోజు. ఇప్పటిదాకా ఏమైందో రాస్తాను, ఇదే పని మీద ఉన్న ఎవరికైనా పనికొస్తుంది.

312లో క్లౌడ్ సైన్ ఇన్‌తో పోల్చగానే 68 మంది రోజూ పనిచేసేవాళ్ళని తేలింది, హెచ్ఓడీ గారితో సహా. లాంగ్ లీవ్ 14 మంది, అందులో తొమ్మిది మంది మెటర్నిటీ లీవ్‌లో ఉన్న సిస్టర్లు. ఎప్పుడూ లాగిన్ కాని 40లో 11 కొత్తగా చేరినవాళ్ళవి. సర్వీస్ అకౌంట్లు 23, వాటిల్లో ఒకటి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ గారికి చూపిస్తే ఆమె వెంటనే అమ్మో అది తియ్యకండి అన్నారు, బయోమెడికల్ వేస్ట్ వార్షిక రిపోర్ట్ ఏటా జూన్ 30 లోపు పంపాలి, ఆ డేటా లాగేది ఆ అకౌంటే, ఏడాదికి ఒక్కరోజు. మిగిలినవి రోజుకి 25 చొప్పున, పొద్దున పది తర్వాత, నేను సీట్లో ఉన్నప్పుడు మాత్రమే డిజేబుల్ చేస్తూ వచ్చాను. రెండే ఫోన్లు వచ్చాయి.

కానీ లావణ్య గారు చెప్పిన రెండో లిస్ట్ ఉంది చూశారా, అసలు విషయం అక్కడుంది. మానేసినవాళ్ళలో ఆరుగురి అకౌంట్లు తాజా తేదీలతో ఉన్నాయి. ఐదింటివి క్లౌడ్ వైపు తేదీలు, ఫోన్లో మెయిల్ వల్ల. ఆరోది ఏడు నెలల క్రితం మానేసిన ఒక స్టాఫ్ నర్సుది, 4768లు చూస్తే ప్రతి రాత్రీ ఎనిమిదికి మూడో అంతస్తు వార్డు పీసీ నుంచే. ఎవరో బయటివాళ్ళని భయపడుతూ రాత్రి షిఫ్ట్ టైముకి నేనే పైకి వెళ్ళాను. కీబోర్డ్ ఎత్తితే కింద డ్రెస్సింగ్‌కి వాడే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది, దాని మీద నీలం పెన్నుతో ఆ సిస్టర్ ఐడీ, పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ రెండుసార్లు మారినట్టు కొట్టివేతలు. డ్యూటీలో ఉన్న అమ్మాయి నన్ను చూసి ఏడ్చేసింది. చేరి ఐదు వారాలైంది, ఐడీ కోసం ఫారం ఇచ్చింది, ఇంకా రాలేదు. మందుల చార్ట్ ఎంటర్ చెయ్యకపోతే డోస్ తప్పిపోతుంది, మరి ఏం చెయ్యాలి సార్ అంది. ఆ ఫారం ఎక్కడుందా అని వెతికితే మా ఐటీ రూమ్‌లోనే ట్రేలో ఉంది, ఇంకో 16 ఫారాలతో.

పాతసర్వర్_సికింద్రాబాద్
ఆ అకౌంట్ బంద్ చేసినవా తమ్మీ?

మధురవాడ_అడ్మిన్
ఆ రాత్రి చెయ్యలేదండి. చేస్తే వార్డులో చార్ట్ ఆగిపోతుంది. ముందు నర్సింగ్ సూపరింటెండెంట్ గారికీ మా మేనేజర్ గారికీ ఉన్నదున్నట్టు చెప్పాను, ఫారాలు మా దగ్గరే ఆగాయని కూడా. మర్నాడు 17 ఐడీలూ చేసి, వార్డుకెళ్ళి ఒక్కొక్కరి చేత వాళ్ళ పాస్‌వర్డ్ వాళ్ళే పెట్టించాను. సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు ఆ పాత అకౌంట్ డిజేబుల్ చేసి రాత్రి తొమ్మిదిన్నర దాకా అక్కడే కూర్చున్నాను. ఎనిమిదికి ఆ అమ్మాయి తన పేరుతో లాగిన్ అయింది. ప్లాస్టర్ తనే పీకి నాకిచ్చింది, ఆడిట్ ఫైల్లో పెట్టాను.